పట్టీ మీది ఎర్ర నూలు

శనివారం పొద్దున దీప ఆఫీసు తాళం తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఆమెకు రెండు మెట్ల కింద ఒక పెద్దమనిషి గోడవైపు ముఖం పెట్టి నిలబడ్డాడు.

"మేడం వస్తదా బిడ్డా?" అంటూ ఆవిడ లేచింది. "రేపు సాయంత్రం మా ఆయనను పోలీసోళ్లకు పట్టిస్తమంటాండ్లు. చిన్నపిల్ల పానం మీదికి తెచ్చిండని కాయితం రాసి పెట్టిండ్లట."

"నువ్వు ఊకో మొగిలీ," అన్నాడు గోడ దగ్గరి మనిషి, తల తిప్పకుండానే.

హనుమకొండలో ఒక జిరాక్సు దుకాణం పైన ఉంటుంది ఆ ఆఫీసు. రెండు గదులు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. దీప వాళ్లను కూర్చోబెట్టి, ఎవరు వచ్చినా ఇచ్చే ఫారం ఆయన ముందు పెట్టింది. "ఇది చదివి, పేరు, అడ్రసు రాసి, కింద సంతకం పెట్టండి."

ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. "అద్దాలు ఇంటికాడ మర్చిపోయిన బిడ్డా."

దీపకు ఆ రోజు చాలా పని ఉంది. ఫారం లాక్కుని, అడిగి తనే నింపింది. పేరు రాయమల్లు. వయసు యాభై ఆరు. పుట్టింది కొత్తవాడలో. పని, వెన్నెల ఎన్‌క్లేవ్‌లో ఈత కొలను చూసుకోవడం. "ఇక్కడ," అని సంతకం చేయాల్సిన చోట వేలితో కొట్టింది. ఆయన పెన్ను ఎక్కడ ఆనించాలా అని చూస్తుంటే, "ఇక్కడ అంటున్నా కదా," అని మళ్లీ కొట్టింది. ఆయన మెల్లగా, బొమ్మ గీసినట్టు సంతకం చేశాడు.

అప్పుడే తాహెరా బేగం వచ్చింది. పద్దెనిమిదేళ్లు కాజీపేట రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి, ఆ ఉద్యోగం మానేసి, నిందపడ్డవాళ్ల తరఫున నిజం తేల్చే ఈ పని పెట్టుకున్న మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఎప్పుడూ చేతిలో టీ ఫ్లాస్కు. బేగం మనుషులను చూసే తీరు చూసి దీప ముచ్చటపడుతుంది. తను ఎప్పటికైనా అలా చూడగలనా అనుకుంటుంది.

"జర నిమ్మళంగ చెప్పమ్మా," అంది బేగం, టీ వంచి మొగిలమ్మకు ఇస్తూ.

మొగిలమ్మ చెప్పింది. ఎన్‌క్లేవ్‌లో నలభై ఇళ్లు, మధ్యలో కొలను. కార్తీక పౌర్ణమి తెల్లారి కొలను మూస్తారు, మళ్లీ శివరాత్రికే తెరుస్తారు. మూసేముందు రాయమల్లు నీళ్లు ఒక జానెడు దించి, మందు కలిపి, పైన నల్లటి జాలి కవర్ పరుస్తాడు. చుట్టూ ఇరవై ఆరు పట్టీలు. ఒక్కో పట్టీకి చివర స్ప్రింగు. ఆ స్ప్రింగును గట్టు మీది ఇత్తడి పిన్నుకు లాగి తగిలిస్తాడు. సరిగ్గా బిగిస్తే పెద్ద మనిషి ఎక్కినా జాలి కుంగదు.

"మొన్న మంగళారం సాయంత్రం అక్షర అనే ఆరేండ్ల పిల్ల షటిల్ కాక్ కోసం దాని మీద కాలు పెట్టింది. మెట్లున్న కాడ పట్టీలు ఊడి నీళ్లల్ల పడ్డది. అప్పుడే ఈయన వచ్చిండు, దుంకి తీసిండు. రెండు దినాలు దవాఖానల ఉన్నది పిల్ల. ఇప్పుడు మంచిగనే ఉన్నది. కానీ పట్టీలు సరిగ బిగియ్యలేదని ఈయన మీద పెట్టిండ్లు."

"పట్టీలు చూసినవా ఆ దినం?" అని బేగం రాయమల్లును అడిగింది.

"పొద్దుగాల ఆరింటికి చూసిన. రోజు చూస్త. అన్ని మంచిగనే ఉండె."

"మరి ఊడిపోయినంక చూస్తే?"

రాయమల్లు గోడ మీది క్యాలెండర్ చూశాడు. ఫ్యాను చూశాడు. తన చెప్పులు చూసుకున్నాడు. "నాదే తప్పమ్మా," అన్నాడు.

"గిదే అంటాండు నాలుగు దినాల సంది!" మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెయ్యని తప్పు ఒప్పుకుంటాండు. పని పోతే పోనీ. ఆ పిల్లను ముంచినోని పెండ్లమని నన్ను నలుగురు చూస్తె నేనెట్ల బతకాలె?"

వాళ్లను కింద ఆగమని పంపించాక దీప అంది, "మేడమ్, ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా."

"టికెట్ లేకుంట దొరికినోళ్లను ఎంతమందిని చూసిన్నో నాకే ఎర్కలేదు దీపా. భయపడ్డోడు నా మొఖమే చూస్తడు, ఏం చేస్తనో అని. సిగ్గుపడ్డోడు నా మొఖం తప్ప అన్ని చూస్తడు. ఈయనకు భయం లేదు. సిగ్గున్నది. దేనికో తెల్వాలె."

*

ఎన్‌క్లేవ్ గేటు దగ్గర బేగం, దీప, రాయమల్లు ఆటో దిగేసరికి ఇళ్ల సంఘం అధ్యక్షుడు రాంప్రసాద్ ఎదురొచ్చాడు. రిటైరయిన ఇంజినీరు. చేతిలో రిజిస్టరు.

"మీరు రావడం నాకేం అభ్యంతరం లేదు మేడమ్. కానీ కేసు క్లియర్," అన్నాడు. "పంపు గదిలో కంపెనీవాళ్ల చార్టు ఉంది, ఏ పట్టీ ఎన్ని అంగుళాల దగ్గర బిగించాలో. వారం వారం 'చార్టు చదివి సరిచూశాను' అని ఈయన సంతకం చేస్తాడు. చూడండి. యాక్సిడెంట్ తర్వాత నేనే టేపు పెట్టి కొలిచాను. మూడు పట్టీలు మూడేసి అంగుళాలు లూజు! మరి ఏం చదివినట్టు?"

రాయమల్లు నేల చూశాడు.

కొలను గట్టు మీద ఎండ పలచగా ఉంది. నల్ల జాలి మీద వేపాకులు రాలి ఉన్నాయి. బేగం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పట్టీ చూసుకుంటూ పోయింది. ప్రతి పట్టీకి స్ప్రింగు పక్కన ఒక ఇనుప బకిల్ ఉంది. దాన్ని జరిపితే పట్టీ పొడుగవుతుంది, పొట్టిదవుతుంది. ప్రతి బకిల్ అంచున, పట్టీలోంచి కుట్టిన ఎర్ర నూలు పోగు ఒకటి కనిపించింది. ఎండకు వెలిసిపోయి ఇటుకరంగుకు తిరిగింది.

"ఈ నూలేంది అన్నా?"

"ఉత్తగనే అమ్మా. మగ్గం మీద మిగిలిన నూలు. జంపఖానాలు నేసేటోళ్లం గదా."

జాలి అంచున ఒకచోట కుట్టు విడిపోయి ఉంటే రాయమల్లు అక్కడ గొంతుక్కూర్చున్నాడు. చొక్కా కాలరు లోపలినుంచి సూది తీశాడు. ఆకాశం వైపు ఎత్తి, ఒక్కసారికే దారం ఎక్కించి, చకచకా నాలుగు కుట్లు వేశాడు. ఆ చేతి పనితనం చూసి దీప నిలబడిపోయింది. బేగం కూడా చూసింది, కానీ ఆమె చూసింది చేతులను కాదు.

మెట్లున్న మూలకు వచ్చారు. ఊడిన పట్టీలు మూడూ వరసగా అక్కడే ఉన్నాయి. వాటికీ పాత ఎర్ర నూలు ఉంది. కానీ బకిల్ నూలు దగ్గర లేదు, నాలుగు వేళ్లు దూరం జరిగి ఉంది. నూలు పక్కన, బకిల్ వెడల్పు మేర, పట్టీ ఇంకా కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది. మిగతా పట్టీ అంతా ఎండకు బూడిదరంగు. ఇత్తడి పిన్నుల పక్కన గచ్చు మీద గుండ్రటి నల్లని రబ్బరు మరకలు రెండు మూడు ఉన్నాయి.

"స్ప్రింగులు లాగే రాడ్డు ఎక్కడుంటది?"

"పంపు గదిల. తాళంచెవి నాకాడనే ఉంటది."

"మంగళారం మధ్యాహ్నం నువ్వెక్కడున్నవు?"

"బజారుకు పోయిన. ప్రేమలతమ్మకు మోకాళ్ల మందు తెచ్చేందుకు. రోజు రెండింటికి ఏదో ఒకటి చెప్తది అమ్మ."

*

ప్రేమలత రాంప్రసాద్ భార్య. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పంతులమ్మగా చేసింది. చేతికర్ర ఆనుకుని వచ్చి కూర్చుంది. పాత కర్ర, చేత్తో పట్టుకునే చోట రంగుపోయి నున్నబడింది. కింది రబ్బరు బుడిపె మాత్రం కొత్తది. పనిమనిషి వినోద టీ తెచ్చింది.

"మోకాళ్లు ఎట్లున్నయి టీచరమ్మా?" అంది బేగం.

"అరిగిపోయాయమ్మా. మెట్లు దిగడమే కష్టం. డాక్టరు నడవమంటాడు. నేల మీద నడవలేను." అక్కడ మాట ఆపేసి, టీ కప్పు చూసింది.

టీవీ పక్కన అలమారలో ఒకే రకం మోకాళ్ల మందు ట్యూబులు అయిదారు వరసగా ఉన్నాయి. దీప ఊసుపోక లెక్కపెట్టింది, ఆరు. ఒక్కదాని సీలు కూడా తీయలేదు.

"మంగళారం పాప పడ్డప్పుడు మీరు ఇంట్లనే ఉన్నరా?"

"ఇంట్లోనే ఉన్నాను. అరుపులు విని బాల్కనీలోకి వచ్చాను." ప్రేమలత కిటికీ పరదా చూసింది, గచ్చు చూసింది. "రాయమల్లు మంచివాడు. మావారికి చెప్పాను, పోలీసుల దాకా వద్దని. వినట్లేదు."

వెళ్లేటప్పుడు బేగం వినోదను తలుపు దగ్గర ఆపింది. "మంగళారం పనికొచ్చినవా బిడ్డా?"

"లేదు మేడమ్. కాజీపేటల మా చెల్లె సీమంతముండె," అని వినోద ఒకసారి లోపలికి చూసి తలుపు వేసింది.

కిందికి దిగాక బేగం రాయమల్లును వేపచెట్టు దగ్గరికి పిలిచింది. దీపను కూడా రావద్దంది. దూరం నుంచి దీపకు మాటలు వినపడలేదు. బేగం ఏదో అడగడం, రాయమల్లు రెండు చేతులూ జోడించడం మాత్రం కనిపించింది. బేగం ఆ చేతులను కిందికి దించి, ఇంకేదో చెప్పింది. ఆయన చాలాసేపు అడ్డంగా తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బేగం ఒక్క మాటే అంది. "సిగ్గుపడ్డోళ్లు ఇద్దరున్నరు దీపా. ఒకలిని కాపాడాలంటే ఇద్దరి పరదాలు తియ్యాలె. నాకు ఈ పని ఇయ్యాల అస్సలు నచ్చుతలేదు."

*

ఆదివారం నాలుగింటికి అందరినీ కొలను గట్టు మీదే కూర్చోబెట్టమంది బేగం. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పాప తండ్రి భానుచందర్ చేతులు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రాంప్రసాద్ ఒళ్లో పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం. పక్కన ప్రేమలత, కర్ర రెండు చేతులతో పట్టుకుని. రాయమల్లు, మొగిలమ్మ నిలబడే ఉన్నారు. ఎవరూ వాళ్లకు కుర్చీ వేయలేదు.

"ముందుగాల ఈ పట్టీలు చూడుండ్రి," అంది బేగం. "బకిల్ కింద పడ్డ చోట ఎండ తగల్లేదు, అందుకే నల్లగున్నది. అంటే మంగళారం దాకా బకిల్ ఆ నల్లటి చోటనే ఉన్నది. చలికాలం మొదలైన కాన్నుంచి సరిగ్గనే బిగిచ్చి ఉన్నది. రాంప్రసాద్ సార్, మీ చార్టుతోని కొలవండి."

రాంప్రసాద్ టేపు పెట్టాడు. మూడింటికి మూడూ చార్టులోని కొలతే. ఆయన ముఖం కొంచెం మారింది.

"ఇది ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. "మంగళవారం పొద్దున ఈయనే లూజు చేసి ఉండొచ్చు."

"ఈయన దగ్గర రాడ్డున్నది. బిగియ్యడానికి ఈయనకు పట్టీ లూజు చేసే పని లేదు. లూజు చేసినోళ్ల కాడ రాడ్డు లేదు, చేతుల బలం లేదు. స్ప్రింగు పిన్ను దాకా అందలేదు. అందుకే పట్టీని పొడుగు చేసిండ్లు. వేరే కట్టె ఏదో పెట్టి గుంజి తగిలించిండ్లు. ఆ కట్టెకు కింద రబ్బరున్నది. మరక ఇగో. స్ప్రింగు తగిలింది, కానీ బిగువు లేదు. చూసేటోళ్లకు మంచిగనే కనిపిస్తది. పిల్ల కాలు పెట్టంగనే ఊడింది."

"ఎవరు విప్పారు మరి? ఎందుకు?" భానుచందర్ లేచాడు.

"పిల్లలకు కీడు చెయ్యాలన్నోళ్లు ఏ మూలనన్నా విప్పుతరు. వీళ్లు మెట్ల కాడనే విప్పిండ్లు. అంటే నీళ్లల్లకు మెల్లగ దిగాలె, మెల్లగ ఎక్కాలె."

"అవన్నీ సరే," అని రాంప్రసాద్ రిజిస్టరు ఎత్తాడు. "ఊడిన తర్వాతైనా ఈయన ఈ మాట ఎందుకు చెప్పలేదు? చార్టు చూస్తే తెలిసేది కదా, బకిల్ జరిగిందని? సంతకాలైతే చేశాడు!"

బేగం రాయమల్లు వైపు చూసింది. అప్పటికే నోటిదాకా వచ్చిన మాటను ఆమె ఆపుకుందని దీపకు తెలిసింది. గట్టు మీద ఎవరో దగ్గారు.

రాయమల్లు రెండడుగులు ముందుకొచ్చాడు. "నాకు సదువు రాదు సార్," అన్నాడు.

మొగిలమ్మ కళ్లు మూసుకుంది.

"పదో తరగతని చెప్పి పనిల చేరిన. ఆ చార్టు నాకు నల్లగీతలే. కంపెనీ పిలగాడు మొదటిసారి బిగిచ్చినప్పుడు, బకిల్ ఎక్కడున్నదో అక్కడ నూలు కుట్టుకున్న. మగ్గం మీద అట్లనే గుర్తులు పెట్టుకుంటం. రోజు పొద్దుగాల నూలు చూసుకుంట. ఆ దినం పట్టీలు ఊడంగనే చూసిన, బకిల్ నూలు కాడ లేదు. ఎవలో జరిపిండ్లని తెలిసింది. చెప్తే, నూలేందని అడుగుతరు. అడిగితే ఇది చెప్పాలె. పోలీసులు కొట్టినా ఓర్సుకుంటనేమో గానీ, ఇది ఓర్సుకోలేననుకున్న. ఇంకోటి గూడ ఉన్నది. కవర్ పరిచిన దినం పిల్లలందర్ని పిలిచి దాని మీద నడిచి చూపిస్త. ఎంత గట్టిగున్నదో చూడుండ్రని. మూడేండ్ల సంది. అక్షర నన్ను చూసే కాలు పెట్టింది. అందుకే నాదే తప్పన్న. అది అబద్ధం కాదు."

భానుచందర్ మెల్లగా కూర్చున్నాడు.

దీప చేతిలోని ఫైలు గట్టిగా పట్టుకుంది. అద్దాలు లేకుండా ఆకాశానికి ఎత్తి సూదిలో దారం ఎక్కించిన మనిషి. అద్దాలు మర్చిపోయానన్న మనిషి. రెండూ తన కళ్లముందే జరిగాయి. తన వేలు ఆ ఫారం మీద రెండుసార్లు కొట్టిన చప్పుడు ఇప్పుడు మళ్లీ వినిపించినట్టయింది.

"ఈయన చెప్పాల్సింది చెప్పిండు," అంది బేగం. ఆమె గొంతు తగ్గింది. "ఇంక నేను చెప్పేది కొంచెమే. ఒక ఇంట్ల ఒకే మందు ఆరు ట్యూబులున్నయి. ఒక్కటి గూడ ఇప్పలేదు. మందు కోసం కాదు, మధ్యాహ్నం రెండింటికి ఈయన గట్టు మీద ఉండొద్దని పంపుడు. రోజు ఇద్దరు కలిసి పట్టీలు గుంజి తగిలిస్తుండె, అందుకే సరిగ్గ పడుతుండె. మంగళారం ఒక్కలే ఉన్నరు, రెండో మనిషి కాజీపేటకు పోయింది. పాత కర్రకు ఈ వారంలనే కొత్త రబ్బరు పడ్డది. పేరు నేను చెప్పను. ఆ మనిషిని నేను పిలుస్తలేను. రాయమల్లును గూడ పిలవలేదు."

గచ్చు మీద కర్ర చప్పుడైంది.

"ప్రేమా, నువ్వెందుకు లేస్తున్నావు?" అన్నాడు రాంప్రసాద్. అనగానే ఆయన చూపు కర్ర కొన మీద పడింది.

"నీళ్లలో నడవమన్నాడు డాక్టరు," అంది ప్రేమలత. ఆమె భర్త వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. "నీళ్లలో నొప్పుండదు. కానీ ఈ ఒళ్లేసుకుని, తడిసిన బట్టలతో, నా దగ్గర చదువుకున్న పిల్లల ముందు, వాళ్ల పిల్లల ముందు ఎట్లా దిగను? కొలను మూసేస్తే ఎవరూ అటు రారు కదా అనుకున్నాను. వినోద సాయం పట్టేది. వద్దంటే దాన్ని పని మానిపిస్తానన్నాను, దాని తప్పేం లేదు. ఆ రోజు నేనొక్కదాన్నే తగిలించాను. తగిలితే చాలనుకున్నాను."

"చెప్పొచ్చు కదా," అన్నాడు రాంప్రసాద్.

"మీరు ఆ కాగితం రాస్తుంటే అక్షరదోషాలు నేనే దిద్దాను." ప్రేమలత చేతిలో కర్ర పక్కకు ఒరిగింది. "ముప్పై ఏళ్లు పిల్లలకు నిజం చెప్పమని చెప్పినదాన్ని. రాయమల్లూ, రోజూ నిన్ను మందు కొట్టుకు పంపేదాన్ని, చీటీ రాసిచ్చి. నువ్వు దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడివి. ఒక్కసారి కూడా చదవలేదు. నేను అది కూడా చూడలేదు."

రాయమల్లు ఏమంటాడా అని అందరూ చూశారు. ఆయన ఆమె కర్ర జారిపోకుండా పట్టుకుని, కుర్చీ దగ్గరికి జరిపాడు.

"నాకు చెప్తే అయిపోతుండె గదమ్మా," అన్నాడు. "నేనే విప్పుతుంటి. నేనే బిగిస్తుంటి. నువ్వు నడిచినంతసేపు అటు మొఖం తిప్పి కూసుంటుంటి."

ప్రేమలత ముఖానికి కొంగు కప్పుకుంది.

భానుచందర్ లేచి రాంప్రసాద్ ఒళ్లోంచి కాగితం తీసుకున్నాడు. చింపలేదు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "మా అక్షర దవాఖానల కూడా ఈయన కోసమే అడిగింది," అన్నాడు. "తాతకు చలి పెడుతుందేమో, నాకోసం నీళ్లల్ల దుంకిండు అని. మేం ఎవరం అది అడగలే." తర్వాత ప్రేమలతతో అన్నాడు, "టీచర్, రేపు మీరు మా ఇంటికి రండి. పాపకు మీరే చెప్పండి. నేను చెప్పలేను."

ఆమె కొంగు కిందనుంచే తల ఊపింది.

రాంప్రసాద్ తను కూర్చున్న కుర్చీని తనే ఎత్తి తెచ్చి మొగిలమ్మ పక్కన వేశాడు. ఆమె కూర్చోలేదు. ఆయన కూడా కూర్చోలేదు. ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయింది.

చీకటి పడకముందే రాయమల్లు పంపు గది తెరిచి రాడ్డు తెచ్చాడు. మూడు బకిళ్లను నూలు దగ్గరికి జరిపి, ఒక్కొక్క స్ప్రింగునూ పిన్నుకు లాగి తగిలించాడు. గట్టు చివర ఇద్దరు ముగ్గురు పిల్లలు నిలబడ్డారు. "తాతా, నడువు తాతా!" అని ఒకడు అరిచాడు.

"నడవను బిడ్డా," అన్నాడు రాయమల్లు. "ఇది నడిచేందుకు కాదు."

*

ఆటోలో బేగం ఫ్లాస్కు మూత తీసింది. టీ చల్లారిపోయింది.

"రైల్ల పనిచేసేటప్పుడు," అంది కాసేపటికి, "రిజర్వేషన్ డబ్బాల కూసున్నరని ఎంతమంది ముసలోళ్లకు ఫైన్ ఏసిన్నో. బోర్డు కనిపిస్తలేదా అని అడుగుతుంటి. అద్దాలు తేలేదు మేడమ్ అంటుండ్రి. నమ్మకపోతుంటి. అబద్ధాలాడుతరని తిడుతుంటి."

దీప ఒళ్లోని ఫైలులో పైనే ఆ ఫారం ఉంది. తను నింపిన ముత్యాల్లాంటి అక్షరాలు, వాటి కింద బొమ్మలా గీసిన పేరు. ఆటో హనుమకొండ వైపు మళ్లింది. రోడ్డు పొడుగునా దుకాణాల బోర్డులు వెలుగుతున్నాయి. దీప వాటిని చూసింది, డ్రైవరు ముందున్న అద్దాన్ని చూసింది, తన చెప్పులను చూసుకుంది. బేగం ముఖం తప్ప అన్నీ చూసింది.